తపాలా బిళ్లయు, పిల్లలు చేసిన శుభాకాంక్షల పత్రమును

గ్రామమునకు వచ్చు తపాలా సంచిని ఈనాడు విప్పి చూచినచో బ్యాంకుల నోటీసులు, కార్యాలయముల ఉత్తరువులు, ఆధారు కార్డులు కనబడును గాని, ఒక మనిషి మరియొక మనిషికి స్వహస్తముతో వ్రాసిన ఉత్తరము కనబడుట అరుదైపోయినది. మన దేశమున 1,64,000కు పైగా తపాలా కార్యాలయములు కలవు. అందు పదింట తొమ్మిది పల్లెలలోనే యున్నవి. పొదుపు ఖాతాలు, ఆడపిల్లల పేర సుకన్య సమృద్ధి ఖాతాలు, నగదు చెల్లింపులు మొదలగు పనులతో బ్రాంచి పోస్టాఫీసు నేటికిని గ్రామమునకు ఉపయోగపడుచునే యున్నది. సంతోషమే. ఐనను ఉత్తరము వ్రాయు అలవాటు తొలగుటవలన గ్రామమునకు ఒక నష్టము వాటిల్లుచున్నది. ఆ నష్టమెట్టిదో, దానిని కొంతవరకు పూడ్చుటకు బడిపిల్లల చేత శుభాకాంక్షల పత్రములు చేయించుట ఎట్లు తోడ్పడునో, ఖమ్మము–భద్రాచలము అడవి సరిహద్దు గ్రామములను ఉదాహరణముగా గొని వివరించుటకే ఈ వ్యాసము.

"శుభాకాంక్షల పత్రములు చేయించుట పంచాయతీ పనియా?" యని కొందరు సభ్యులు నవ్వవచ్చును. మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములు ముందు చూడవలసినవి, కాదనువారు లేరు. అయితే ఈ పనికి పంచాయతీ నిధినుండి చెప్పుకొనదగినంత ధనము తీయనక్కరలేదు. పాత నోటుపుస్తకములు, రాలిన ఆకులు, పిడికెడు జిగురు, ఒక మధ్యాహ్నపు తీరిక యున్న చాలును. పైగా తపాలా బిళ్లలు సేకరించు విద్యార్థులకు తపాలా శాఖవారు ఇచ్చు వేతనమొకటి కలదు. దానిని గురించి తెలియని గ్రామములు పెక్కు కలవు. ఆ వివరము ముందు రాగలదు.

బిళ్లయు పత్రమును తోబుట్టువులు

తపాలా బిళ్ల పుట్టకముందు ఉత్తరపు రుసుము దూరమునుబట్టి మారుచుండెను. ఇంగ్లాండులో రోలండ్ హిల్ అను నతడు దూరముతో నిమిత్తము లేక తూకమునుబట్టి ఒకే రుసుము, అదియు ముందుగానే చెల్లించు పద్ధతి యుండవలెనని వాదించెను. దాని ఫలితముగా 1840 మే నెలలో పెన్నీ బ్లాక్ అను మొదటి బిళ్ల వెలువడెను. ఆ సంస్కరణమున హిల్‌కు తోడ్పడిన వారిలో హెన్రీ కోల్ అను నుద్యోగి యొకడు. క్రిస్మసు పండుగకు మిత్రులందరికిని వేరువేరుగా ఉత్తరములు వ్రాయుటకు తీరిక చాలక, 1843లో ఈ కోల్ ఒక చిత్రకారునిచే బొమ్మ గీయించి వేయి ప్రతులు అచ్చొత్తించెను. విక్రయమునకు వచ్చిన తొలి క్రిస్మసు కార్డు అదియే యని చెప్పుదురు. బిళ్ల చౌకయైన మూడేండ్లకే పత్రము పుట్టినదన్నమాట.

మన దేశమున సింధు ప్రాంతమునకు మాత్రము 1852లో బిళ్లలు ఏర్పడినవి. దేశమంతటికిని చెల్లు బిళ్లలు 1854 అక్టోబరునుండి వాడుకలోనికి వచ్చినవి. పావు తులము తూగు ఉత్తరము దేశములో ఏ మూలకైనను అర్ధణాకు చేరెడిది. స్వతంత్ర భారతపు మొదటి బిళ్ల 1947 నవంబరు 21న వెలువడినది. దానిపై జాతీయ పతాకము, "జై హింద్" అను మాటలు కలవు. వెల మూడున్నర అణాలు.

శుభాకాంక్షల పత్రములు మన పల్లెలకు ఆలస్యముగా వచ్చినను, వచ్చిన పిదప గట్టిగానే పాతుకొన్నవి. డిసెంబరు నెల రాగానే కిరాణా అంగళ్ల ముందు త్రాళ్లు కట్టి రంగురంగుల కార్డులు వ్రేలాడగట్టుటయు, బడిపిల్లలు చిల్లర డబ్బులు పోగుచేసికొని వానికొరకు మూగుటయు నలుబది దాటిన సభ్యులందరికిని జ్ఞాపకముండియే యుండును. చేతి ఫోను వచ్చి ఆ త్రాళ్లను విప్పివేసినది.

నది దాటిన బిళ్ల మారెడిది

ఈ ప్రాంతమున తపాలా చరిత్ర మిక్కిలి చిత్రమైనది. గోదావరికి పడమటి గట్టున నున్న బూర్గంపహాడు, పాల్వంచ, ఖమ్మము ప్రాంతములు నైజాం రాజ్యములోనివి. తూర్పు గట్టున నున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రములో తూర్పు గోదావరి ఏజెన్సీలోనిది. నైజాం ప్రభుత్వమునకు స్వంత తపాలా శాఖ యుండెను. 1869నుండి స్వంత బిళ్లలుండెను. 1871లో వెలువడిన బిళ్లలపై తెలుగుతో కూడ నాలుగు భాషల వ్రాత యుండెను. 1931లో వెలువడిన వానిపై చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్ సాగరు, అజంతా గుహల ద్వారము మొదలగు బొమ్మలు వేయించిరి. అనగా పడమటి గట్టున నైజాం తపాలాలో వేసిన ఉత్తరముపై చార్మినారు బొమ్మయు, ఎదురుగా కనబడుచున్న తూర్పు గట్టున వేసిన ఉత్తరముపై బ్రిటిషు చక్రవర్తి తలయు నుండెడివి. నడుమ నున్నది ఒక్క నది.

1950 ఏప్రిల్ 1న నైజాం తపాలా భారత తపాలాలో కలిసినది. బిళ్ల ఒకటైనది గాని రాష్ట్రము ఒకటి కాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా భద్రాచలము అందు చేరినది. అదే దినమున హైదరాబాదు రాష్ట్రములో వరంగల్లునుండి విడివడి ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1956లో రెండును ఆంధ్రప్రదేశ్ అయినవి. 1959లో భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలను ఖమ్మము జిల్లాలో చేర్చిరి. 1965లో గోదావరిపై వంతెన వచ్చినది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఆ సంవత్సరముననే పోలవరము ప్రాజెక్టు నిమిత్తమై కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుకునూరు, వేలేరుపాడు మండలములును, బూర్గంపహాడు మండలములో కొంత భాగమును, భద్రాచలము పట్టణమును విడిచి ఆ మండలమును ఆంధ్రప్రదేశ్‌నకు పోయినవి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది.

ఒకే ఇంట, ఒకే గడపలో, డెబ్బదియేండ్ల లోపల చిరునామా ఇన్నిసార్లు మారిన గ్రామములు రాష్ట్రమున వేరెక్కడను అంతగా కానరావు. ఈ మార్పులన్నియు గజెట్లలో నుండును. గజెట్టును ఎవరు చదువుదురు? అదే మార్పు తాతగారి పెట్టెలోని ఉత్తరముల కట్టలో, బిళ్లపై బొమ్మగా, కవరుపై చిరునామాగా, నల్లని ముద్రలో తేదీగా కనబడును. బిళ్లపై కొట్టు తపాలా ముద్రలో ఊరి పేరును, దినమును ఉండుటచేత, ఫలానా ఊరు ఫలానా దినమున ఉండెననుటకు అది చేతికందు సాక్ష్యము.

ఆ సాక్ష్యము ఇప్పుడు చెడిపోవుచున్నది. దీనికి రెండు కారణములు. మొదటిది గోదావరి. భద్రాచలమువద్ద 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. ఇట్టి వరదలలో ధాన్యమును, పశువులను కాపాడుకొన్నవారే అదృష్టవంతులు. కాగితములను ఎవరు తలంతురు? రెండవది పోలవరము ముంపు. పునరావాసమునకు ఇల్లు విడుచు కుటుంబములు పట్టాలను, రేషను కార్డులను భద్రముగా మూటగట్టుకొందురు; పాత ఉత్తరములు పొయ్యిలోనికి పోవును. ముంపు గ్రామముల బంధువులు నదికి ఈవల ప్రతి ఊరిలోను కలరు. ఆ ఉత్తరములు మీ గ్రామమున కూడ నుండవచ్చును.

అందుచేత ముందుగా చేయవలసినది, ఉన్నవానిని నిలుపుకొనుట. ఒక గ్రామసభలో ఈ సంగతి చెప్పి, పాత కవరులు, పోస్టుకార్డులు, మనియార్డరు రశీదులు ఉన్నవారు వానిని పారవేయక చూపవలసినదిగా కోరవచ్చును. యజమాని అనుమతితో పాఠశాలలో ఒకనాడు ప్రదర్శించి, ఫొటో తీయించి, తిరిగి వారికే ఇయ్యవలెను. ఉత్తరములోని విషయము ఇంటివారి స్వంతము; చూపవలసినది కవరును మాత్రమే.

పిల్లలకు ఇచట ఒక ముఖ్యమైన మాట గట్టిగా చెప్పవలెను. సేకరణ మొదలుపెట్టిన ప్రతి బాలుడును కత్తెర తీసికొని బిళ్లను కత్తిరింపబోవును. పాత కవరు ఏదైనను, ముద్ర స్పష్టముగా నున్నచో, కత్తిరింపరాదు. బిళ్ల వేలకొలది అచ్చైనదే. ఆ ఊరి ముద్రతో, ఆ తేదీతో నున్న కవరు ఒక్కటే. ఇటీవలి సాధారణ కవరులపై బిళ్లలను మాత్రము చుట్టును అంగుళము కాగితము విడిచి కత్తిరించి, గోరువెచ్చని నీటిలో ఇరువది నిమిషములు ఉంచినచో జిగురు వదలి కాగితమునుండి జారివచ్చును. గోటితో గీకి లాగరాదు. పాత వార్తాపత్రికపై బొమ్మ క్రిందికి వచ్చునట్లు ఆరబెట్టి, బరువైన పుస్తకములో ఒక రాత్రి ఉంచవలెను.

మన అడవి బిళ్ల కెక్కినది

బిళ్లలనుండి శుభాకాంక్షల పత్రమునకు పిల్లవాడు నేర్చుకొనవలసినది ఏమి? తక్కువ చోటులో ఎక్కువ చెప్పుట. బొటనవ్రేలంత కాగితముపై చిత్రకారుడు ఒక బొమ్మను, ఒక పేరును, ఒక సంవత్సరమును మాత్రమే ఉంచును. మన పిల్లలకు పుస్తకములలో కనబడు బొమ్మలు తరచుగా దూరదేశములవి. బిళ్లలలో వెదకినచో తమ యడవియే కనబడును.

1963లో తపాలా శాఖవారు వన్యమృగ సంరక్షణను గురించి ఒక వరుస వెలువరించిరి. అందు ఏనుగు, పెద్దపులి, సింహములతో కూడ అడవిదున్న యున్నది. పాల్వంచ చెంత 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యపు జంతువులలో నీ అడవిదున్నయు నొకటి. 1981లో భారతదేశపు గిరిజన తెగలపై నాలుగు బిళ్లలు వెలువడినవి. అందొకటి దండామి మారియా తెగవారిది. వీరు మనకు పొరుగున నున్న బస్తరు వారు. అడవిదున్న కొమ్ములతో చేసిన తలపాగ ధరించి నృత్యము చేయుదురు. భద్రాచలపు కోయవారి కొమ్ముకోయ నృత్యము చూచినవారికి ఈ బిళ్లపై నున్నది తమ చుట్టమేయని తెలియుటకు ఎవరును చెప్పనక్కరలేదు. ఈ రెండు బిళ్లలను ప్రక్కప్రక్కన పెట్టి, "దున్న ఇది, దాని కొమ్ము ఎవరి తలపైకెట్లు వచ్చెను?" అని అడిగినచో ఆశ్రమ పాఠశాల బాలిక గంటసేపు చెప్పగలదు. ఉపాధ్యాయుడు ఊరకుండిన చాలును.

తెలుగువారిలో త్యాగరాజస్వామిపై 1961లోను, వేమనపై 1972లోను, ఈ ఏజెన్సీ కొండలకు సమీపమున పోరాడిన అల్లూరి సీతారామరాజుపై 1986లోను బిళ్లలు వచ్చినవి. రామాయణ ఘట్టములపై 2017లో పదునొకండు బిళ్లలు వెలువడినవి. రామదాసు కట్టించిన కోవెల యున్న చోట వానిని గురించి వేరుగా చెప్పనేల?

బిళ్ల యనగా కాగితమే కానక్కరలేదని చూపు విశేషములును కలవు. 2006లో చందనపు వాసన గల బిళ్లను, 2007లో గులాబీ వాసన గల బిళ్లలను మన తపాలా శాఖ వెలువరించినది. 2011 ఫిబ్రవరిలో మహాత్ముని బొమ్మను ఖాదీ వస్త్రముపైననే అచ్చువేసి బిళ్లగా తెచ్చిరి. దాని వెల నూరు రూపాయలు. బిళ్లకు ఖద్దరు పనికివచ్చినప్పుడు పిల్లవాని పత్రమునకు మోదుగాకు పనికిరాకపోదు.

పత్రము చేయు విధము

భద్రాచలమునకు ఎదురుగా నున్న సారపాకలో 1970–80 దశకమున స్థాపింపబడిన కాగితపు మిల్లులో దేశమంతటికిని అట్టలు తయారగుచున్నవి. ఐ.టి.సి. సంస్థవారు 2000 సంవత్సర ప్రాంతమున గ్రీటింగు కార్డుల వ్యాపారములోనికి కూడ దిగిరి. అట్ట మన యెదుటనే పుట్టుచున్నదన్న సంగతి పిల్లలకు చెప్పుట మంచిదే. ఐనను కొనుట కంటె చేయుటలో నేర్చుకొనునది ఎక్కువ గనుక కాగితమును చేతితోనే చేయించవలెను.

వ్రాసి ముగించిన నోటుపుస్తకములను పిన్నులు తీసి, చిన్న ముక్కలుగా చింపి ఒక రాత్రి నీటిలో నానబెట్టవలెను. మరునాడు రోటిలోనో మిక్సీలోనో మెత్తని గుజ్జుగా రుబ్బవలెను. వెడల్పు తొట్టిలో నీరు పోసి గుజ్జును కలిపి, చెక్కచట్రమునకు దోమతెర గుడ్డ బిగించి చేసిన జల్లెడను అందు ముంచి సమముగా పైకెత్తినచో నీరు కారిపోయి పలుచని పొర నిలుచును. దానిని పాత నూలుగుడ్డపై బోర్లించి, పైన మరియొక గుడ్డ వేసి, పీటతో అదిమి నీడలో ఆరబెట్టవలెను. గుజ్జులో కొద్దిగా గంజి కలిపినచో సిరా ప్రాకదు. ఫాల్గుణ మాసమున అడవి యంతయు ఎఱ్ఱబారు మోదుగుపూలను మరిగించి ఆ నీటిని గుజ్జులో కలిపినచో కాగితమునకు పసుపు నారింజల నడిమి వన్నె వచ్చును. హోళీనాడు వాడు రంగు ఇదియే. మొదటి పది కాగితములు వంకరగా వచ్చును, పదునొకండవది బాగుండును.

కాగితమును 21 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పుగా కత్తిరించి నడుమకు మడవవలెను. మొగము వైపున ఒక పెద్ద తపాలా బిళ్ల ఆకారమును తీర్చవలెను. బిళ్ల అంచున నుండు పంటిగాట్లను తెచ్చుటకు ఒక సులువైన ఉపాయము కలదు. దర్జీవానికి చెప్పి, దారమెక్కించని కుట్టుమిషను క్రింద కాగితమును నడిపించినచో గీత వెంబడి వరుసగా రంధ్రములు పడును. ఆ గీత వెంట చింపినచో అంచు బిళ్ల అంచు వలెనే వచ్చును. కాగితము దళసరిగా నున్నచో పలుచని కాగితముపై ఇట్లు చేసి పత్రముపై అతికింపవచ్చును.

చట్రములోపల ఒకే బొమ్మ, ఊరి పేరు, సంవత్సరము. ఇంతకు మించి వ్రాయనీయరాదు. పిల్లలు సహజముగా సూర్యుని, కొండను, ఇంటిని, కొబ్బరిచెట్టును గీయుదురు. భద్రాచలపు అడవిలో కొబ్బరిచెట్టు ఎక్కడనుండి వచ్చెనని అడుగవలెను. ఇప్పచెట్టు, రేలపూలు, తునికాకు కట్ట, వెదురుబుట్ట, పడవరేవు, కొమ్ముకోయల డోలు, పర్ణశాల, మిరపకల్లము, ఇల్లెందు బొగ్గుగని. ఇవి మన బొమ్మలు. బొమ్మ గీయలేని పిల్లవాడు రాలిన ఆకును పుస్తకములో వారము రోజులు అదిమియుంచి అతికింపవచ్చును. తుమ్మబంకను నీటిలో నానబెట్టినచో చక్కని జిగురగును. చింతగింజల అంబలియు పనికివచ్చును. పుస్తకముల అట్టలు కట్టువారు పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక బడిలో వాడరాదు. సీతాకోకచిలుకలను, పక్షి యీకలను వాడనీయరాదు. అభయారణ్యమునుండి ఏమియు కోసి తేరాదు.

సాధారణమైన వాడిన బిళ్లలు ఎక్కువగా పోగైనచో వానిని కత్తిరించి బొమ్మగా కూర్చుట మరియొక పద్ధతి. ఆకుపచ్చ బిళ్లలు ఆకులుగా, గోధుమవన్నెవి మ్రానుగా అతికించినచో చెట్టు తయారగును. దీనికి చిరిగినవి, ముద్ర అలికిపోయినవి మాత్రమే వాడవలెను.

చట్టమునకు సంబంధించిన రెండు విషయములు కూడ ఉపాధ్యాయులకు తెలిసియుండవలెను. ముద్ర పడిన బిళ్లపై ముద్రను తుడిచి మరల ఉత్తరమునకు వాడుట నేరము. ఇక పిల్లలు గీసిన బిళ్ల ఆకారముపై "భారత్" అనియు, రూపాయల విలువయు వ్రాయనీయరాదు; ప్రభుత్వపు బిళ్లకు నకలని భ్రమ కలిగించునది ఏదియు తగదు. విలువ స్థానమున ఊరి పేరున్నచో అనుమానమునకు తావుండదు.

లోపలి పుటలో శుభాకాంక్ష పిల్లవాని సొంత మాటలో నుండవలెను. కోయ పిల్లలను తమ మాటలోనే, తెలుగు లిపిలో, వ్రాయనిండు. ఉగాది, సంక్రాంతి, శ్రీరామనవమితో పాటు భూమిపండుగకును, మేడారము జాతరకును శుభాకాంక్షలు తెలుపవచ్చును. పిల్లవాని పత్రము ఎంత దూరము పోగలదో చెప్పుటకు ఒక ఉదాహరణము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప చెకొస్లొవేకియాలో ఒక పల్లెకు ఐక్యరాజ్యసమితి బాలల సహాయనిధి తోడ్పడినది. ఆ పల్లెలోని ఏడేండ్ల బాలిక కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసినది. కాగితము దొరకక అద్దపు పలకపై గీసినదట. 1949లో ఆ బొమ్మయే ఆ సంస్థవారి మొదటి శుభాకాంక్షల పత్రమైనది.

ఈ పత్రములను మహిళాసంఘముల ద్వారా నవమి ఉత్సవములలో అమ్మవచ్చును గదాయని కొందరడుగుదురు. అమ్మవచ్చును. కాని లాభమును ముందు పెట్టుకొని మొదలుపెట్టవలదని నా అభిప్రాయము. రెండు మూడేండ్లు పిల్లల చేయి కుదిరి, కాగితము నాణెమునకు వచ్చిన తరువాతనే అమ్మకమును గూర్చి ఆలోచించుట మేలు.

క్లబ్బు లేనందున పోవు వేతనము

తపాలా శాఖవారు 2017 నవంబరులో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన అను పథకమును ప్రారంభించిరి. బిళ్లల సేకరణయందు ఆసక్తిగల 6నుండి 9వ తరగతి వరకు గల విద్యార్థులకు నెలకు 500 రూపాయల చొప్పున సంవత్సరమునకు 6,000 రూపాయలు ఇచ్చుట దీని యుద్దేశము. దేశమంతటికిని 920 వేతనములు. ఒక్కొక్క తపాలా సర్కిలునకు ఒక్కొక్క తరగతిలో పదిచొప్పున గరిష్ఠముగా నలుబది. గత వార్షిక పరీక్షలో నూటికి 60 మార్కులు వచ్చియుండవలెను; షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఐదు మార్కుల సడలింపు కలదు. ముందు ఒక పరీక్ష, పిదప బిళ్లలతో కూర్చిన చిన్న ప్రాజెక్టు ద్వారా ఎంపిక జరుగును.

చిక్కు ఇచటనే యున్నది. విద్యార్థి చదువు పాఠశాలలో బిళ్లల సేకరణ క్లబ్బు ఉండవలెను, అతడందు సభ్యుడు కావలెను. క్లబ్బు లేనిచో విద్యార్థి పేర ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా యుండవలెను. ఇది 200 రూపాయలతో తెరువదగిన ఖాతా. అందునుండి కొత్త బిళ్లలు వెలువడినప్పుడెల్ల ఇంటికే వచ్చును. పట్టణపు పాఠశాలలకు ఈ సంగతి తెలియును. అడవి గ్రామములలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు, ఆశ్రమ పాఠశాలలకు ఎంతమందికి తెలియును? క్లబ్బు పెట్టుటకు ధనము అక్కరలేదు. ప్రధానోపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయుడు, పదిమంది పిల్లలు, ఒక పుస్తకము చాలును. ఊరి బ్రాంచి పోస్టుమాస్టరును గౌరవ సభ్యునిగా చేర్చుకొన్నచో ఆయనయు సంతోషించును, పై కార్యాలయమునుండి ప్రకటనలును సకాలమున చేరును. దరఖాస్తు గడువు ఏటేట ప్రకటింపబడును గనుక ప్రతి సంవత్సరము బడి తెరచిన నాటినుండియే ఖమ్మము ప్రధాన తపాలా కార్యాలయములో విచారించుచుండవలెను. హైదరాబాదు అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో బిళ్లల సేకరణదారులకు ప్రత్యేక విభాగము కలదు.

పిల్లలు చేసిన పత్రమే ఆ ప్రాజెక్టునకు మొదటి మెట్టు కాగలదు. అడవిదున్న బిళ్లనుండి తన ఊరి నృత్యము వరకు ఒక కథగా కూర్చి వ్రాయగల పిల్లవాడు పరీక్షకు భయపడనక్కరలేదు.

పత్రమును తపాలాలో వేయుట

చేసిన పత్రమును బడిగోడకు అంటించి విడువరాదు; తపాలాలో వేయించవలెను. బొమ్మ ఎంత బాగున్నను, ముద్ర పడనిదే ఊరి పేరు దానిపై చేరదు. సాధారణ ఉత్తరమునకు మొదటి మెట్టు తూకము 20 గ్రాములు. దానికి ఐదు రూపాయల బిళ్ల. చదరపు మీటరునకు 250 గ్రాములు తూగు అట్టతో పైన చెప్పిన కొలతకు చేసిన పత్రము 8 గ్రాములకు మించదు. కవరుతో కలిపి పండ్రెండు గ్రాములు. చేతితో చేసిన దళసరి కాగితమైనచో పదునేడు వరకు పోవచ్చును. ఆకులు, గింజలు అతికించినచో తూకము దాటును. అంతేకాక ముద్ర కొట్టునప్పుడు గింజ చితికి కవరు చిరుగును. కనుక గింజలు వలదు. అందరి పత్రములను ఒకేసారి పోస్టాఫీసుకు తీసికొనిపోయి తూకము వేయించుట మంచిది. కార్యాలయములో వాడు తెల్లని ముద్రిత చీటీలకు బదులు బొమ్మగల బిళ్లనే అంటింపవలెను. అది పోస్టుమాస్టరును ముందుగా అడిగి తెప్పించుకొనవలెను.

కవరు కుడివైపు పై మూలను బిళ్లకు విడువవలెను. అక్కడ బొమ్మలు వేయరాదు. చిరునామా క్రింద ఆరంకెల పిన్ కోడు స్పష్టముగా వ్రాయవలెను. ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న వచ్చినది. ఖమ్మమునకు 507001, భద్రాచలమునకు 507111. కూనవరము, చింతూరు ప్రాంతములు ఆంధ్రప్రదేశ్‌లో చేరిన తరువాత కూడ వాని పిన్ కోడు 507తోనే ఆరంభమగుచు వచ్చినది. జిల్లాయు రాష్ట్రమును మారినను మూడంకెలు నదికి ఇరుగట్లను విడదీయలేదు.

పత్రములు ఎవరికి పంపవలెనను ప్రశ్నకు నా సలహా ఇది. మొదటి విడతను ముంపువలన ఊరు విడిచి పునరావాస కాలనీలకు పోయిన బంధుమిత్రులకు పంపించవలెను. పత్రములో తమ చిరునామా వ్రాసి, జవాబు కోరి, బిళ్ల అంటించిన ఖాళీ కవరొకటి లోపల పెట్టవచ్చును. అప్పుడు తూకము 20 గ్రాములు దాటకుండ పత్రమును పలుచని కాగితముతో చేయవలెను. తిరిగి వచ్చిన కవరులను చింపక, ముద్ర కనబడునట్లు అంచువెంట కత్తెరతో తెరచి, వచ్చిన తేదీ పెన్సిలుతో వెనుక వ్రాసి, క్లబ్బు పుస్తకములో వరుసగా ఉంచవలెను. జిగురుతో అతికింపరాదు, కాగితపు మూలలు చేసి అందు దోపవలెను. పుస్తకమును వరదనీరు చేరని చోట, వీలైనచో పంచాయతీ కార్యాలయపు ఇనుప బీరువాలో పై అరను పెట్టవలెను.